మరచుట్టు చరిత్రము – దోషమూలాన్వేషణము



సూర్యుని తేజస్సును భరింపజాలని సంజ్ఞాదేవి కొఱకు ఆమె తండ్రియగు విశ్వకర్మ సూర్యుని భ్రమిపై నెక్కించి, తేజస్సును తఱిగి, ఆ శకలములతో విష్ణుచక్రమును శివత్రిశూలమును నిర్మించెనని విష్ణుపురాణము చెప్పుచున్నది. భ్రమి యనగా తరిమెనయే; నేటి లేత్ యంత్రమునకు పెద్దక్క. ఈ కథను చెప్పుకొని సంతసించుట మన సభలలో నాచారము. అయినను లోహపుకడ్డీపై సమానమైన మరచుట్టును కోయు యంత్రమును మన పూర్వులు నిర్మించిరని చెప్పుటకు మేము సాహసింపము. ఆ చరిత్రము వేఱొక దేశమున జరిగినది. దానిని నడపినవాడును మనవలెనే చేతిపనివాడు.

హెన్రీ మాడ్‌స్లే 1771లో ఇంగ్లండునందలి వూల్విచ్‌లో జన్మించెను. పండ్రెండవయేటనే అచటి ఆయుధశాలలో పనికి జేరెను. తరువాత తాళముల నిర్మాతయగు జోసెఫ్ బ్రామా కడ పనిచేసెను. వారమునకు 30 షిల్లింగులు చాలవని యడుగగా యజమాని హెచ్చింపడయ్యెను. అంతట 1797లో అతడు స్వంత కర్మశాలను స్థాపించెను. అతనికి ముందే 1770 ప్రాంతమున జెస్సీ రామ్స్‌డెన్ శాస్త్రపరికరముల కొఱకు మర కోయు యంత్రమును చేసియుండెను. ఉలిని గట్టిగా పట్టు జారుడుపీట, మూలమర, మార్చదగిన పండ్లచక్రములు అను మూడింటిని ఇనుపచట్రముపై జేర్చి, కర్మశాలలకు పనికివచ్చు యంత్రముగా దిద్దిన కీర్తి మాడ్‌స్లేది.

ఇందలి రహస్యమొక్కటియే. కోయబడు కడ్డీ ఒకమాఱు తిరుగునప్పుడు మూలమర యెంత తిరుగునో, ఉలి యంతమేరకే జరుగును. కావున మూలమరయందలి దోషము పుట్టెడు ప్రతిమరకును సంక్రమించును. మాడ్‌స్లే దీనిని చక్కగా నెఱిగినవాడు. అతడు అంగుళమునకు 50 చుట్లుగల 5 అడుగుల మరను చేసి, దానికి 12 అంగుళముల నట్టును అమర్చెను. ఆ నట్టులో 600 చుట్లు. ఒక చుట్టులోని స్వల్పదోషము తక్కిన చుట్ల నడుమ అణగిపోవును.

అతని శాలలో పనినేర్చిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణముగల మరచుట్టును అందఱికి నొక్కటిగా ప్రతిపాదించెను. అంతకుముందు ప్రతిశాలకు తన చుట్టు తనదే. నట్టు పోయినచో ఆ శాలకే పోవలయును. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీలను ప్రతిపాదించెను. రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యముల మరలు ఒకదానికొకటి పట్టక చిక్కులు కలుగగా, 1948లో అమెరికా, బ్రిటను, కెనడాలు ఏకమైన కొలతకు సమ్మతించెను. మనదేశమున 1956నాటి చట్టముతో మెట్రిక్ కొలతలు వచ్చెను. కాని అంగుళపు మూలమరలుగల పాతయంత్రములు మన చిన్నశాలలలో నిలిచియున్నవి. అచటనే చిక్కు పుట్టుచున్నది.

మా పూర్వశిష్యుడొకడు చిన్న లేత్ పెట్టుకొని జీవించుచున్నాడు. 2 మిల్లీమీటర్ల చుట్టుగల మరలను, 50 మిల్లీమీటర్ల పొడవైన నట్లకు సరిపడునట్లు ఒక కార్ఖానాకు చేసి పంపెను. వారు వానినన్నిటిని త్రిప్పిపంపిరి. నట్టు ఐదాఱుచుట్లు సుఖముగా నెక్కి పిమ్మట బిగిసిపోవుచుండెను. అతడు ఉలిని మూడుమాఱులు సానబెట్టెను. చుట్టును మఱికొంత లోతుగా కోసెను. అప్పుడు నట్టు ఎక్కినదిగాని వదులై ఊగులాడెను. కడకు మాయింటికి వచ్చి, “అయ్యవారూ! దోషము నా చేతిలోనే యున్నది. ఈ వృత్తి మానుకొందును” అని కన్నీరు పెట్టుకొనెను.

మాకు ఉలి పట్టుట రాదు, లెక్క వచ్చును. కొలబద్దను ఆనించి 25 చుట్లను కొలిపించితిమి. 50 మిల్లీమీటర్లు ఉండవలసినది 50.4 ఉండెను. అతని మూలమర అంగుళమునకు 8 చుట్లది. కడ్డీవైపు 40 పండ్ల చక్రమును, మూలమరవైపు 63 పండ్ల చక్రమును వేసియుండెను. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతియందలి త్రైరాశికముతో చూడగా చుట్టు 2 కాక 2.016 వచ్చినది. అంగుళము 25.4 మిల్లీమీటర్లు, అనగా 127ను 5చే భాగించినది. 127 అవిభాజ్యసంఖ్య. కావున 80 పండ్ల చక్రమునకు 127 పండ్ల చక్రమునే జతపఱచవలయును. అంతకంటె చిన్నచక్రములతో ఉజ్జాయింపేగాని ఖచ్చితము రాదు. ఆ చక్రమును తెప్పించి వేయగా నట్టు కడవఱకు నడచెను. అతడు నేటికిని ఆ వృత్తిలోనే యున్నాడు.

ప్రతిదోషమునకును తన గుర్తు కలదు. చుట్టు ఒకప్రక్కకు వ్రాలినచో ఉలి కడ్డీకి లంబముగా నిలువలేదు. చుట్టు చిరుగులు పడినచో ఉలి మొద్దువాఱినది, లేదా నూనె చాలలేదు. చుట్టు తాగినవానివలె తూలినచో మూలమర ముందువెనుకలకు కదలుచున్నది. రెండవకోత మొదటిదాని గాడిలో పడనిచో అరనట్టును సరియైన గుర్తువద్ద బిగింపలేదు. అంగుళపు యంత్రముపై మెట్రిక్ చుట్టు కోయునప్పుడు అరనట్టును విప్పనేరాదు. యంత్రమును వెనుకకు త్రిప్పి ఉలిని తేవలయును.

పనివాని చేతిని నిందించుటకు ముందు దోషమూలమును వెదకవలయునని ఈ చరిత్రము బోధించుచున్నది. విద్యను మర్మమని దాచుకొన్న కొలది, మన బాలురు పరదోషమునకు తమను తాము శిక్షించుకొందురు. పెద్దలు తాము కనుగొన్న దోషములను పుస్తకమునందు వ్రాసి పిన్నలకీయవలయును. దాతలు పూలమాలలకగు ద్రవ్యములో కొంత వెచ్చించి, పేదశాలలకు 127 పండ్ల చక్రమొక్కొక్కటి ఇప్పించినచో అదియే విశ్వకర్మకు నిజమైన పూజ యగునని విన్నవించుచున్నాము.