పాటకు అట్టబొమ్మ

కంప్యూటరులో పాటలు దాచుకొనే అలవాటున్న వారందరికీ ఒక బొమ్మ బాగా పరిచయం. బూడిదరంగు చదరం, దాని నడుమ ఒక స్వరచిహ్నం. ఈ పాటకు ముఖచిత్రం లేదని యంత్రం మనకు చెప్పే తీరు అది. నా సేకరణలో పాత తెలుగు పాటలే ఎక్కువ కావడం వలన తెర నిండా ఆ చదరాలే బారులు తీరి ఉండేవి. వాటిని నింపిపెట్టే సాఫ్టువేరు ఏదైనా దొరుకుతుందేమోనని వెతకడం మొదలుపెట్టాను. సాఫ్టువేర్లు చాలానే దొరికాయి. కానీ అవి తెచ్చిపెట్టిన బొమ్మలు చూశాక, అసలు పాటకు బొమ్మ ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది అన్న ప్రశ్న పుట్టింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను పట్టుకొని పోయినంత దూరం పోవడమే.

మాది పల్నాడు కనుక ఉదాహరణ కూడా అక్కడిదే తీసుకుంటాను. నా దగ్గర పల్నాటి కథ నాలుగు రూపాల్లో ఉన్నది. మొదటిది 1947 నాటి 'పల్నాటి యుద్ధం' చిత్రం పాటలు. గూడవల్లి రామబ్రహ్మం ఆరంభించి, 1946లో ఆయన కన్నుమూయగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన చిత్రమది. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాగమ్మ, అక్కినేని బాలచంద్రుడు. సంగీతం గాలిపెంచల నరసింహారావుది. రెండవది అదే పేరుతో 1966లో వచ్చిన చిత్రం. గుత్తా రామినీడు దర్శకుడు, ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడు, భానుమతి నాగమ్మ, సంగీతం సాలూరి రాజేశ్వరరావు. మూడవది షేక్ నాజర్ బుర్రకథ. నాలుగవది కారెంపూడి వీరుల ఉత్సవంలో వీరవిద్యావంతులు పాడగా పట్టుకొన్న కథాగానం.

సాఫ్టువేరు ఈ నాలుగింటికీ ఒకే బొమ్మ పెట్టింది. 1966 చిత్రపు ప్రకటన బొమ్మ అది. నాగమ్మ పాత్రధారిణి కన్నాంబ అయిన పాటల మీద కూడా భానుమతి ముఖమే. నాజర్ గొంతు వినిపిస్తూంటే తెర మీద రామారావు. కారెంపూడి గాయకులు పాడుతున్నప్పుడూ అదే రామారావు. యంత్రాన్ని తప్పుపట్టడానికి లేదు. దానికి తెలిసింది పేరొక్కటే. పేరు చూసి బొమ్మ వెతికింది. ఎక్కువ మంది దాచుకొన్న బొమ్మ ఏదో అది ముందుగా దొరికింది. అయితే ఫలితం మాత్రం చిన్నది కాదు. నాలుగు కాలాలకు, నాలుగు కళారూపాలకు చెందిన శబ్దాలు ఒకే ముఖం కిందికి చేరిపోయాయి. పదేళ్ళ తరువాత ఈ సేకరణ మరొకరి చేతికి పోతే, వారు నమ్మేది బొమ్మనే.

ఇక్కడ కొంచెం వెనక్కు వెళ్ళాలి. గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి మన దేశంలో పాటలు పట్టడం మొదలుపెట్టినప్పటినుంచి దాదాపు ఆరు దశాబ్దాలపాటు మన పాటకు రూపం 78 చుట్ల లక్క రికార్డు. పది అంగుళాల పళ్ళెం, ప్రక్కకు మూడు నిమిషాల చిల్లర. దానికి తొడుగు మందపాటి గోధుమరంగు కాగితం. మధ్యలో గుండ్రని కంత. ఆ కంతలోంచి రికార్డు నడుమ అంటించిన చీటీ కనబడుతుంది: పాట పల్లవి, పాడినవారి పేరు, చిత్రం పేరు, కంపెనీ సంఖ్య, కంపెనీ గుర్తు. తొడుగు మీద ఏదైనా అచ్చువేసి ఉంటే అది కంపెనీ ప్రకటనో, అమ్మిన దుకాణం చిరునామానో. ఏ పాటకైనా అదే తొడుగు. కనుక 1947 నాటి పాటకు ముఖచిత్రం వెతకడమంటే లేని వస్తువును వెతకడమే. ఆ పాటకు ముఖం ఆ చీటీ.

పడమటి దేశాల్లోనూ పరిస్థితి ఇంతకంటె భిన్నం కాదు. నాలుగైదు రికార్డులను పుస్తకంలా కుట్టిన అట్టల్లో పెట్టి అమ్మేవారు. ఫోటోలు అంటించుకొనే పుస్తకంలా ఉండేది కనుక దానికి ఆల్బం అని పేరు. ఇవాళ పుస్తకమూ లేదు, కుట్టూ లేదు, పేరు మాత్రం నిలిచింది. ఆ అట్టల మీద కూడా బొమ్మ ఉండేది అరుదు. 1940లో కొలంబియా రికార్డు కంపెనీలో పనిచేస్తున్న అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువ చిత్రకారుడు, లోపలి సంగీతాన్ని అట్ట మీద బొమ్మగా చూపితే కొనేవారు పెరుగుతారని యజమానులను ఒప్పించాడు. రాడ్జర్స్, హార్ట్ జంట పాటల సంపుటికి నాటకశాల ముంగిట వెలిగే దీపాల అక్షరాలను అట్టబొమ్మగా వేశాడు. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చాక పన్నెండు అంగుళాల అట్ట చిత్రకారులకు సొంత క్షేత్రమైపోయింది.

మన దగ్గర అట్టబొమ్మ పని వేరొక వస్తువు చేసింది. అది పాటల పుస్తకం. సినిమా హాలు దగ్గర అణాలకు దొరికే ఆ పలుచని పుస్తకం ముఖపత్రం మీద చిత్రంలోని నాయికానాయకుల బొమ్మ, లోపల నటవర్గం, సాంకేతికవర్గం, కథాసంగ్రహం, ఆ పైన పాటలు. కథ మాత్రం ఆసక్తికరమైన చోట ఆగిపోయి, తక్కినది తెర మీద చూడమని చెప్పేది. అంటే శబ్దం ఒకచోట, బొమ్మా సాహిత్యమూ మరొకచోట. గ్రామఫోను కొనే స్తోమత లేని ఇంట్లో కూడా పాటల పుస్తకం ఉండేది. పాట వినబడేది హోటల్లోనో, పెళ్ళి పందిట్లోనో; బొమ్మ ఉండేది ఇంట్లో. ఈ రెండింటినీ ఒక్క వస్తువుగా అతికించడం మనకు తరువాతి కాలపు అలవాటు. నలభైఐదు చుట్ల చిన్న రికార్డులు బొమ్మ అట్టలతో వచ్చిన తరువాతనే శ్రోత చేతికి పాటా బొమ్మా కలిసి అందాయి. 1966 చిత్రం ఆ సంధికాలానికి చెందినది.

తరువాత క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో ప్రవేశపెట్టిన ఆ చిన్న పెట్టె మన ఊళ్ళకు చేరేసరికి చాలా ఏళ్ళు పట్టింది. చేరాక మాత్రం ముప్ఫై సెంటీమీటర్ల అట్ట అరచేతిలో ఇమిడే కాగితపు మడత అయిపోయింది. కంపెనీ క్యాసెట్టుకు అచ్చుబొమ్మ ఉంటుంది. కానీ మా ఇంట్లో ఉన్నవాటిలో సగం నరసరావుపేటలో నింపించినవి. కోరిన పాటల జాబితా, ఖాళీ క్యాసెట్టు దుకాణంలో ఇచ్చివస్తే రెండు మూడు రోజులకు పాటలు ఎక్కించి ఇచ్చేవారు. లోపలి అట్టముక్క మీద ఎ ప్రక్క, బి ప్రక్క అని గీత గీసి, నీలిసిరాతో పాటల పేర్లు. ఒక పాట పూర్తిగా పట్టకపోతే 'సగం' అని బ్రాకెట్టులో. ఈ క్యాసెట్టుకు ముఖచిత్రం ఏ జాలస్థలంలోనూ దొరకదు. ఆ చేతివ్రాత అట్టముక్కే దాని ముఖచిత్రం. దానిని స్కాను చేసి పెట్టుకొంటే పాటలతో పాటు ఆనాటి శ్రోత ఎంపిక, ఆనాటి దుకాణం చేతివ్రాత కూడా నిలుస్తాయి.

ఇక ఎంపీత్రీ సంగతి. మొదట్లో ఆ దస్త్రంలో శబ్దం తప్ప పాట పేరు చెప్పే చోటే లేదు. 1996లో ఎరిక్ కెంప్ దస్త్రం చివర 128 బైట్ల తోక తగిలించాడు. అదే ఐడీత్రీ. పాట పేరుకు 30 బైట్లు, గాయకుడికి 30, ఆల్బానికి 30. బొమ్మకు చోటు లేదు. మన లిపికీ చోటు లేదు. యూనికోడుతో కుస్తీలు పట్టిన మిత్రులకు ఈ లెక్క నచ్చుతుంది: 'పల్నాటి యుద్ధం' అన్న పేరు యూటీఎఫ్-8లో రాస్తే 13 తెలుగు సంకేతాలు, ఒక ఖాళీ, వెరసి 40 బైట్లు. ముప్ఫైలో పట్టదు. యుద్ధం మధ్యలోనే తెగిపోతుంది. అందుకే పేర్లన్నీ రోమను లిపిలో చేరాయి. ఒకరు ఒక దకారం వదిలారు, మరొకరు హెచ్ చేర్చారు, ఇంకొకరు దీర్ఘానికి రెండు ఏలు పెట్టారు. ఒకే చిత్రం పాటలు యంత్రం దృష్టిలో నాలుగు ఆల్బాలయ్యాయి. పేర్లు ఇలా చెదిరినచోట బొమ్మ సరిగా ఎలా దొరుకుతుంది?

1998లో వచ్చిన రెండవ రూపం ఈ ఇబ్బందులు తీర్చింది. సమాచారం దస్త్రం ముందుకు వచ్చింది, పొడవు హద్దు పోయింది, యూనికోడు వచ్చింది, బొమ్మకు ఒక అర ఏర్పడింది. సాఫ్టువేరు ఎంచుకొనేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఇక్కడే ఉంది: బొమ్మను పాట దస్త్రం లోపల పొదుగుతుందా, బయట వేరే పెడుతుందా? 2006 సెప్టెంబరులో వచ్చిన ఐట్యూన్సు 7 అట్టబొమ్మలను తానే దించి, అట్టలు తిరగేస్తున్నట్టు చూపి అందరినీ ఆకట్టుకొంది. కాని అలా దించిన బొమ్మలను తన సొంత సంచయంలో ఉంచుకొనేది. పాటను వేరే కంప్యూటరుకు తీసుకుపోతే బొమ్మ వెంట వచ్చేది కాదు. పైగా ఆ బొమ్మలు దాని దుకాణంలోవి. ఆ దుకాణం మన దేశంలో తెరుచుకొన్నది 2012 డిసెంబరులో.

నాకు పనికివచ్చినవి మూడు. విండోసులో ఎంపీత్రీట్యాగ్: ఒక చిత్రం పాటలన్నీ ఒకేసారి ఎంచుకొని, బొమ్మను లాగి వదిలితే అన్నింటిలోనూ పొదుగుతుంది, తెలుగు పేర్లు చక్కగా రాస్తుంది. లినక్సులో ఇదే పనికి కిడ్‌త్రీ. మూడవది మ్యూజిక్‌బ్రెయిన్జ్ వారి పికార్డ్. ఇది పేరును బట్టి మాత్రమే కాక, పాట ధ్వనినుంచి వేలిముద్ర వంటి గుర్తు తీసి పోల్చగలదు. కన్నాంబ పాటను భానుమతి పాటగా పొరబడకుండా ఉండే ఉపాయం ఇదొక్కటే. కానీ ఆ వేలిముద్ర ముందుగా ఎవరో నమోదు చేసి ఉండాలి. బొమ్మలకోసం 2012లో ఇంటర్నెట్ ఆర్కైవుతో కలిసి వారు నెలకొల్పిన భాండారంలోనూ అంతే. మనం పెట్టనిది మనకు దొరకదు. ఇక పరిమాణం సంగతి: ఆరువందల చుక్కల చదరం చాలు. వంద కిలోబైట్లు దాటనివ్వకపోతే పాట దస్త్రం బరువెక్కదు.

నన్ను అన్నింటికంటె ఆశ్చర్యపరచింది ఐడీత్రీ బొమ్మల అరలో ఉన్న వర్గీకరణ. సున్నా మొదలు ఇరవై వరకు 21 రకాల బొమ్మలకు సంఖ్యలు కేటాయించారు. పదిహేడవది రంగురంగుల చేప! రూపకర్తల చిలిపితనం. కానీ తక్కినవి చూడండి. 3 ముందరి అట్ట. 5 లోపలి కరపత్రం పుట. 6 రికార్డు చీటీ. 13 పాటను పట్టిన చోటు. 15 ప్రదర్శన జరుగుతున్నప్పటి బొమ్మ. 16 చలనచిత్ర దృశ్యం. మన పల్నాటి కథ నాలుగు రూపాలకూ వేర్వేరు అరలు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. సాఫ్టువేర్లలో చాలావరకు అన్నింటినీ మూడవ సంఖ్య కిందనే తోసేస్తున్నాయి, అంతే.

నేను చేసుకొన్న ఏర్పాటు ఇది. 1947 పాటలకు రికార్డు చీటీ బొమ్మ, ఆరవ సంఖ్య; పాటల పుస్తకం పుట దొరికితే దానికి అయిదు. 1966 పాటలకు ఆ చిత్రానికే చెందిన రికార్డు అట్ట, మూడు. నాజర్ బుర్రకథకు ప్రదర్శన ఛాయాచిత్రం, పదిహేను. బుర్రకథ అంటే ముగ్గురు: కథకుడు, ఇరుప్రక్కలా వంతలు. ఒక్క నాజర్ ముఖం కత్తిరించి పెడితే వంతలు ఇద్దరూ చరిత్రలోంచి జారిపోతారు. కనుక ముగ్గురూ ఉన్న బొమ్మే కావాలి. 1920లో పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ అందుకొని, 1997లో వెళ్ళిపోయిన ఆ కళాకారుడికి బొమ్మలు దొరకడం కష్టం కాదు. సరైన బొమ్మ ఎంచుకోవడమే కావలసింది. బొమ్మతోపాటు చిన్న వివరణ రాసే చోటు కూడా ఉంటుంది. ఆ బొమ్మ ఎక్కడిదో, ఏ సంవత్సరానిదో అందులో తెలుగులోనే రాస్తున్నాను.

చిక్కంతా నాలుగవదానితో. కార్తీక అమావాస్యకు మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు సాగే కారెంపూడి ఉత్సవంలో వీరుల ఆయుధాలను కొలుస్తారు, వీరవిద్యావంతులు కథ పాడతారు. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కావ్యం ఒక దారి, ఈ నోటి పాట ఒక దారి. అమెరికా పండితుడు జీన్ రోఘైర్ అలిసెట్టి గాలెయ్య నోట విని ఆంగ్లంలోకి తెచ్చిన పల్నాటి వీరుల కథ 1982లో ఆక్స్‌ఫర్డు ముద్రణగా వచ్చింది. ఆ పాటకు ఏ కంపెనీ అట్ట వేయలేదు, ఏ చీటీ అంటించలేదు. పాడినవారి పేరు చాలామంది ఇళ్ళలోని క్యాసెట్ల మీద ఉండదు. 'కారెంపూడి తిరణాల' అని మాత్రమే ఉంటుంది. ఇలాంటి శబ్దానికే సాఫ్టువేరు సినిమా నటుడి బొమ్మ తగిలిస్తే, మిగిలిన ఆ కాస్త ఆనవాలు కూడా చెరిగిపోతుంది. దీనికి పదమూడవ సంఖ్య వాడాను: నాగులేటి ఒడ్డున వీరుల గుడి. గాయకుడి పేరు తెలిసినచోట పేరు, తెలియనిచోట ఊరూ సంవత్సరమూ.

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా ఒక్కొక్క ఊరి పేరూ చేర్చుకొంటూ పెరిగింది. అదీ ఇలా చేతులతో చేసిన పనే. 2022 ఏప్రిల్ నుంచి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు తన పేరుతోనే ఒక జిల్లా. ఆ జిల్లా పాటలకు కూడా వాటి సొంత ముఖాలు ఉండాలి కదా. మీ ఇంట్లో పాటల పుస్తకం ముఖపత్రమో, రికార్డు చీటీయో, నీలిసిరా అట్టముక్కో ఉంటే స్కాను చేసి, ఏ ఏటిదో, ఎక్కడిదో రాసి, నలుగురికీ అందేచోట పెట్టండి. ఏదీ దొరకని పాటకు బూడిదరంగు చదరాన్నే ఉండనివ్వండి. అది కనీసం అబద్ధం చెప్పదు.