ఒకే చెట్టు, మూడు లొట్లు

బీరు కాచేవాళ్లు ఒకే కాపును వేరువేరు జాడీల్లో పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో ఈస్టు వేసి రుచి చూస్తారు. డెన్మార్కులో హాన్సెన్ 1883లో ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచాకే అది కుదిరింది. మా తెనాలి, బాపట్ల, రేపల్లె తాటితోపుల్లో ఈస్టును ఎవరూ వేయరు. అది పాత లొట్టి మట్టిలోనే కాపురముంటుంది. ఒకే చెట్టు రసం పాత లొట్టిలో పొద్దెక్కేసరికి నురగ కడుతుంది, కొత్తదాంట్లో ఆలస్యమవుతుంది. లోపల సున్నం పూస్తే తియ్యగానే నిలుస్తుంది.

మద్రాసు సర్కారు ఆబ్కారీ రోజుల్లో చూసిందీ ఆ సున్నాన్నే. పులిసే కల్లుకు చెట్టు పన్ను, సున్నం పూసిన తీపి కల్లుకు చాలాచోట్ల మినహాయింపు. సున్నం పలచబడితే ఈస్టూ ఊరుకోదు, చట్టమూ ఊరుకోదు.

చెట్టెక్కి గీసింది మేము కాదు, గౌడులు. తాగినవాళ్లలో మేమూ ఉన్నాం. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసుకు వచ్చాక, మా ఎరుకలవాళ్లు బాపట్ల పక్కన స్టూవర్టుపురంలో, సాల్వేషన్ ఆర్మీ సెటిల్మెంటులో హాజరు పలికారు. మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది. 1948లో మద్యనిషేధం రాష్ట్రమంతా వచ్చింది. పుట్టుక నేరం కాకుండా పోయిన మరుసటి ఏడాదే ముంత నేరమైంది.