అమెరికా భారజలం నుంచి గోదావరి దాకా

ఆలమూరు మండలంలో జొన్నాడ వంతెన కింద పారే గౌతమి, అక్కడికి చేరకముందే ఎగువన అశ్వాపురం దగ్గర ఒక కర్మాగారానికి నీళ్లిచ్చి వస్తుంది. అదే మణుగూరు భారజల కర్మాగారం. రియాక్టర్లలో న్యూట్రాన్ల వేగం తగ్గించే భారజలం అక్కడ తయారవుతుంది. మామూలు నీళ్లలో సుమారు 6,500 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి బరువైనది. దాన్ని ఏరడమే పని.

ఆ పని మన నెత్తిన ఎందుకు పడింది? ముందు బ్రిటన్ సంగతి చూడండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అమెరికాలోని లాస్ అలమోస్ వెళ్లి అణుబాంబు తయారీలో చేయి వేశారు. యుద్ధం ముగిశాక 1946లో మెక్‌మహన్ చట్టం తెచ్చి అమెరికా తన అణు రహస్యాలకు తలుపులు మూసేసింది. మిత్రుడికే ఆ గతి! 1947 జనవరిలో బ్రిటన్ ప్రధాని అట్లీ ప్రభుత్వం సొంత బాంబుకు గుట్టుగా సిద్ధపడింది. శాస్త్రవేత్త విలియం పెన్నీ బృందం 1952 అక్టోబర్ 3న ఆస్ట్రేలియా దగ్గరి మాంటెబెల్లో దీవుల్లో దాన్ని పేల్చింది. 1957లో హైడ్రోజన్ బాంబూ చేసి చూపించాక, 1958లో అమెరికా మళ్లీ ఒప్పందానికి వచ్చింది.

మనకూ మొదట సాయం బాగానే అందింది. ట్రాంబేలో కెనడా సాయంతో కట్టిన సైరస్ రియాక్టర్‌కు 21 టన్నుల భారజలం అమెరికా నుంచే వచ్చింది, శాంతియుత అవసరాలకే వాడాలన్న షరతుతో. 1960లో రియాక్టర్ మొదలైంది. 1974 మే 18న పోఖ్రాన్‌లో పేలిన అణు పరికరానికి ప్లుటోనియం అందులోదే. శాంతియుత ప్రయోగమని మనమన్నాం. కెనడా నమ్మలేదు. నమ్మకపోవడంలో దాని తప్పేమీ లేదనే నా అభిప్రాయం. రాజస్థాన్‌లో తన సాయంతో కడుతున్న రెండో రియాక్టర్ సగంలో ఉండగానే కెనడా తప్పుకుంది. భారజలం కోసం సోవియట్ యూనియన్‌ను అడగవలసి వచ్చింది.

అప్పటికి మన చేతిలో ఉన్నది నంగల్‌లో 1962లో పెట్టిన చిన్న ప్లాంటు. తర్వాత హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో భారజలం తీసే పద్ధతిని మనవాళ్లు సొంతంగా రాజస్థాన్‌లోని కోటాలో ఒడిసిపట్టారు. సూత్రం తేలికే: చల్లగా ఉన్నప్పుడు బరువైన హైడ్రోజన్ ఆ వాయువును విడిచి నీళ్లలోకి చేరుతుంది, వేడిలో తిరిగి వాయువులోకి పోతుంది. పెద్ద టవర్లలో ఈ మార్పిడిని మళ్లీ మళ్లీ జరిపి భారజలం గాఢత పెంచుతారు. తిప్పలన్నీ ఆ వాయువుతోనే. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే విషం, మోతాదు మించితే ముక్కు ఆ కంపును కూడా పసిగట్టలేదు. పైగా ఉక్కును తినేస్తుంది.

కోటాలో నేర్చిన పాఠంతో, సింగరేణి బొగ్గూ గోదావరి నీళ్లూ దగ్గరగా ఉన్నచోట, మణుగూరు 1991లో మొదలైంది. సామర్థ్యం ఏడాదికి 185 టన్నులు. తర్వాత భారత భారజలం దక్షిణ కొరియాకే కాదు, ఒకప్పుడు మనకు భారజలం ఇచ్చిన అమెరికాకూ ఎగుమతి అయింది.