ఇంజిన్ ఎక్కడ కారుతోంది?

కొడవలూరు సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు కాదు. చుట్టూ పెన్నా డెల్టా వరిచేలు. తూర్పుగా విడవలూరు వైపు పోతే బకింగ్‌హామ్ కాలువ, అది దాటితే రామతీర్థం తీరం. అయినా జూన్ వచ్చిందంటే మా వైపు మెకానిక్ షెడ్లలో పొలం ఇంజిన్ల పక్కన పడవ ఇంజిన్లు కూడా కనిపిస్తాయి. వాటిలో పాత అవుట్‌బోర్డ్ మోటార్లకు ఎక్కువగా ఉండే జబ్బు ఒక్కటే: పెట్రోలు కారడం.

జూన్‌లోనే ఎందుకంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు వేట నిషేధం. తెరచాపతో, తెడ్డుతో నడిచే సంప్రదాయ తెప్పలకు ఆ నిషేధం లేదు. మోటారు బిగించిన పడవకు మాత్రం ఉంది. రెండు నెలలు ఎండలో ఊరికే పడి ఉండేసరికి రబ్బరు పైపు బిగుసుకుపోయి పగుళ్లిస్తుంది, కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురవుతుంది. ఇప్పుడు పెట్రోల్లో కలుపుతున్న ఇథనాల్ పాత రబ్బరును ఇంకా తొందరగా పాడుచేస్తుంది.

కారే చోటును వెతకడానికి ఒక వరస ఉంది. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పైపు, మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బల్బు, కనెక్టర్‌లోని ఓ-రింగు, ఫ్యూయల్ పంపు, చివరికి కార్బురేటర్. బల్బును గట్టిపడేదాకా నొక్కాలి. ఎంత నొక్కినా గట్టిపడకపోతే దారిలో ఎక్కడో గాలి దూరుతోంది, లేదా బల్బులోని వాల్వే పోయింది. గట్టిపడ్డాక కార్బురేటర్ నుంచి బొట్లు పడితే ఫ్లోటు సూది సరిగా కూర్చోవడం లేదు. పంపులోని డయాఫ్రం చిరిగితే బయట ఒక్క చుక్క కూడా కనిపించకపోవచ్చు. పెట్రోలు లోపలికే పోయి ప్లగ్గును తడిపేస్తుంది.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం పైపులో పగులు. ఒడ్డున బల్బు నొక్కితే ఆ పగులు లోంచి పెట్రోలు బయటికొస్తుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పంపు పీలుస్తుంది కాబట్టి అదే పగులు లోంచి గాలి లోపలికి పోతుంది. పైకి చుక్క కనపడదు, నడిసముద్రంలో ఇంజిన్ ఆగిపోతుంది. ఒక మెకానిక్ పడవాయనతో అంటుంటే విన్నాను: "మామా, ఒడ్డున కారిందంటే అదృష్టం అనుకో. లోపలికి పోయినాక గాలి పీలిస్తే ఎవురికి కనపడద్ది?" పైగా పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది.

ఈ యంత్రం ఇక్కడికి వచ్చిన దారిలో ఒక దేశం పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. అవుట్‌బోర్డ్ మోటారును 1909లో అమెరికాలోని మిల్వాకీలో అమ్మకానికి తెచ్చి జనంలోకి తీసుకెళ్లిన ఓలే ఎవిన్‌రూడ్ నార్వేలో పుట్టినవాడు. మన దేశంలో చేపల వేటకు ఇంజిన్లు అలవాటు చేసిన తొలి పెద్ద ప్రయత్నం, 1952 ఒప్పందంతో కొల్లం దగ్గర మొదలైన ఇండో-నార్వేజియన్ ప్రాజెక్టు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్‌లో, అలల్లోంచి నేరుగా ఒడ్డుకెక్కే పడవల మీద పనిచేసిన నిపుణుడు గుల్‌బ్రాండ్సెన్ కూడా నార్వే మనిషే. 1986లో ఆయన చిన్న పడవల ఇంధన ఖర్చు ఎలా తగ్గించాలో ఒక పుస్తకమే రాశాడు. వేగం కాస్త తగ్గిస్తే నూనె చాలా మిగులుతుందన్నది అందులో ముఖ్యమైన సలహా.

ఆ పుస్తకం అవసరమైందంటేనే అప్పటికి సంగతి మారిపోయిందని అర్థం. 1973 చమురు సంక్షోభం తర్వాత, ఎక్కడో గల్ఫ్‌లో ధర పెరిగితే ఇక్కడి వల కూడా బరువెక్కింది. తరతరాలుగా కట్టుమరాన్ని నడిపిన గాలికి ఎవరూ బిల్లు వేయలేదు. ఆ గాలిని చదవడం పట్టపు పల్లెల్లో పెద్దల నుంచి పిల్లలకు వచ్చిన విద్య. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తీరంలో ఫైబర్ పడవలు, ఇంజిన్లు బాగా పెరిగాయి. తెరచాప తగ్గింది, ఆ విద్యా తగ్గింది.

అలాగని గాలి కాలమే బంగారు కాలం అనను. గాలి పడిపోతే తెడ్డు వేసి వేసి రెక్కలు విరిగేవి, ఒడ్డుకు చేరేసరికి చేప మెత్తబడేది. ఇంజిన్ ఆ కష్టాన్ని నిజంగానే తగ్గించింది. తగ్గించినందుకు కూలి మాత్రం రోజూ అడుగుతుంది. వేటకు పోకముందే పెట్రోలు డబ్బు పుట్టాలి. అది అప్పుగా ఇచ్చినవాడికే చాలాసార్లు చేప పోతుంది, అదీ వాడు చెప్పిన ధరకు. అలాంటి పెట్రోలు చుక్క చుక్కగా ఇసుకలో ఇంకితే పోయేది అప్పు తెచ్చిన డబ్బు.

డేవిడ్ ఎడ్జర్టన్ అనే చరిత్రకారుడు 2006లో ఒక మాట గట్టిగా వాదించాడు. యంత్రాల చరిత్రంటే కనిపెట్టిన తేదీలు మాత్రమే కాదు, వాడకం, మరమ్మతు కూడా చరిత్రేనని. మన తీరానికి అది సరిగ్గా సరిపోతుంది. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. కంపెనీ వదిలేసినా పాత మోటార్లు ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటాయి, షీటు కత్తిరించి గాస్కెట్ చేయగల చేతులు ఉన్నంతకాలం. ప్రభుత్వ లెక్కల్లో పడవలుంటాయి, లీటర్లుంటాయి, 2019 నుంచి డీజిల్ మీద ఇస్తున్న 9 రూపాయల రాయితీ ఉంటుంది. బల్బు నొక్కి జబ్బు చెప్పగల మనిషికి అందులో గడి లేదు. గాలిని చదివిన పెద్దల విద్యను రాసి పెట్టుకోకుండానే చాలావరకు పోగొట్టుకున్నాం. ఈ రెండో విద్యనైనా, చేసేవాళ్లు ఇంకా చేస్తుండగానే, వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకోవాలి.