గ్లోబల్‌స్టార్ కథ: టెక్నాలజీ తెలిస్తే షేరు తెలిసినట్టేనా?

మన ఐటీ జనాల్లో ఒక గట్టి నమ్మకం ఉంది. "ఈ టెక్నాలజీ నాకు తెలుసు, కాబట్టి ఈ కంపెనీ షేరు గురించి బ్రోకరు కన్నా నాకే బాగా తెలుసు" అని. మామూలు మొబైల్‌కి ఉపగ్రహం నుంచి నేరుగా సిగ్నల్ ఇస్తామనే కంపెనీల షేర్ల మీద ఇప్పుడు మనవాళ్ళు చేసే చర్చలన్నీ ఈ బాపతే. ఎవరి యాంటెన్నా పెద్దది, ఎవరి చేతిలో స్పెక్ట్రమ్ ఉంది, ఎవరి రాకెట్టు ఎప్పుడు... నేను ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి కాబట్టి నాకూ ఆ చర్చలంటే సరదానే. కాకపోతే సరిగ్గా ఇలాంటి వాదనలే 1999లో అమెరికాలో చిన్న మదుపరులు చేశారు. టెక్నాలజీ విషయంలో వాళ్ళు చెప్పినవి చాలా వరకు నిజమయ్యాయి కూడా. డబ్బులు మాత్రం పోయాయి. అదెలా జరిగిందో చెప్పడానికే ఈ టపా.

ముందు ఇరిడియం గురించి నాలుగు ముక్కలు. శాటిలైట్ కమ్యూనికేషన్స్ పేపరు చదివినవాళ్ళకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. మోటొరోలా వాళ్ళ ఆలోచన. 780 కిలోమీటర్ల ఎత్తులో 66 ఉపగ్రహాలు, ప్రపంచంలో ఏ మూల నుంచైనా ఫోన్. (మొదట 77 ఉపగ్రహాలు అనుకున్నారు. ఇరిడియం మూలకం పరమాణు సంఖ్య 77, అందుకే ఆ పేరు. తర్వాత సంఖ్య తగ్గింది కానీ పేరు మారలేదు.) సుమారు 5 బిలియన్ డాలర్లు ఖర్చు పెట్టి 1998 నవంబర్ 1న సర్వీసు మొదలెట్టారు. హ్యాండ్‌సెట్టు 3000 డాలర్లు, నిమిషానికి 7 డాలర్ల దాకా ఛార్జీ, ఇంట్లోకొస్తే సిగ్నల్ ఉండదు. ఎవరు కొంటారు? 1999 ఆగస్టు 13న దివాలా. తొమ్మిది నెలల పైచిలుకు, అంతే.

ఇందులో మనవాళ్ళ డబ్బూ ఉంది. పుణె దగ్గర దిఘీలో ఇరిడియం గేట్‌వే కట్టారు. ఇరిడియం ఇండియాలో మన ఆర్థిక సంస్థలు పెట్టుబడి పెట్టాయి. తమని మోసం చేశారంటూ ఆ కంపెనీ మోటొరోలా మీద వేసిన క్రిమినల్ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మోసం లాంటి నేరాలకి ఒక కంపెనీని కూడా విచారించవచ్చని 2010లో కోర్టు తేల్చింది. మన లా విద్యార్థులు ఇరిడియం పేరు వినేది ఈ కేసు వల్లే.

ఇహ అసలు కథకొద్దాం. ఇరిడియం మునుగుతున్న రోజుల్లోనే గ్లోబల్‌స్టార్ అనే ఇంకో కంపెనీ ఉపగ్రహాలు పంపుతోంది. లోరల్, క్వాల్‌కామ్ కలిసి మొదలెట్టిన కంపెనీ. 1995లోనే షేర్లు జనానికి అమ్మింది. దీని డిజైన్ చూస్తే ఏ ఇంజనీరుకైనా ముచ్చటేస్తుంది. ఇరిడియంలో ఉపగ్రహాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, స్విచింగ్ అంతా ఆకాశంలోనే. గ్లోబల్‌స్టార్‌లో ఉపగ్రహం ఉత్త అద్దం లాంటిది. కింద నుంచి వచ్చిన సిగ్నల్‌ని మళ్ళీ కిందికే పంపుతుంది. తెలివంతా నేల మీది గేట్‌వేలో. 1414 కిలోమీటర్ల ఎత్తులో 48 ఉపగ్రహాలు, స్పేర్‌గా ఇంకో నాలుగు. చవక, సింపుల్, కింద సాఫ్ట్‌వేర్ మార్చుకుంటే చాలు. పైగా సీడీఎంఏ (2003లో 501 రూపాయలకి రిలయన్స్ ఫోన్లు వచ్చాయే, అదే టెక్నాలజీ).

కాబట్టి 1999లో చిన్న మదుపరుల వాదన ఇలా సాగేది:

1. ఇరిడియం పోయిందంటే అది డిజైన్ తప్పు, ధర తప్పు. శాటిలైట్ ఫోన్ అనే ఆలోచన తప్పు కాదు. పోటీదారు పోవడం మనకే మంచిది.
2. వొడాఫోన్, ఫ్రాన్స్ టెలికాం, అల్కాటెల్ లాంటి పెద్దలు భాగస్వాములు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళా?
3. ఇదే సీడీఎంఏ మీద నడిచే క్వాల్‌కామ్ షేరు ఒక్క 1999లోనే 26 రెట్లకు పైగా పెరిగింది. తర్వాతి వంతు మనదే.
4. షేరు పడుతోందంటే అది షార్ట్ సెల్లర్ల పని. ఇంకొన్ని కొనాలి.

1998 సెప్టెంబర్లో బైకనూర్ నుంచి వెళ్ళిన జెనిట్ రాకెట్టు ఒకేసారి 12 గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాలతో సహా కూలిపోయింది. అప్పుడు కూడా వీళ్ళు బెదరలేదు. బీమా ఉంది, మళ్ళీ పంపుతారు అన్నారు. నిజంగానే పంపారు. 2000 మొదట్లోకల్లా మొత్తం 52 ఉపగ్రహాలూ పైకి చేరాయి. జార్జ్ గిల్డర్ లాంటి పేరున్న టెక్నాలజీ రచయిత కూడా ఈ కంపెనీని మెచ్చుకున్నవాడే. గేట్‌వేలు ఎన్ని తెరుచుకున్నాయి, ఏ దేశంలో లైసెన్సు వచ్చింది, నిమిషానికి ఎంత మిగులుతుంది అని వీళ్ళు వేసిన లెక్కలు పెద్ద పెద్ద బ్యాంకుల రిపోర్టులకి ఏమీ తీసిపోవు.

మరి తేడా ఎక్కడొచ్చింది?

ఒకటి, కస్టమర్లు రాలేదు. ఈ ప్రాజెక్టుల ప్లాన్లన్నీ 1990ల మొదట్లో వేసినవి. ఉపగ్రహాలు తయారై పైకి వెళ్ళేసరికి నేల మీద జీఎస్ఎం టవర్లు ఊరూరా లేచాయి, రోమింగ్ వచ్చింది. దేశాలు తిరిగే వ్యాపారస్థుడికి శాటిలైట్ ఫోన్ అవసరమే లేకుండా పోయింది. లక్షల్లో వస్తారనుకుంటే 2000 చివరికి గ్లోబల్‌స్టార్‌కి వచ్చింది సుమారు 31 వేల మంది.

రెండోది నాకు ముఖ్యమనిపించింది. అది అప్పు. సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే కస్టమర్లు ఆలస్యంగా వచ్చినా కొన్నాళ్ళు జీతాలు తగ్గించి బతకొచ్చు. ఉపగ్రహాల కంపెనీ మొదటి రూపాయి సంపాదించే లోపే ఖర్చంతా అయిపోతుంది. అదీ బిలియన్లలో, చాలా వరకు అప్పుగా. చందాదారులు వచ్చినా రాకపోయినా వడ్డీ తేదీ ఆగదు. పైన ఉపగ్రహం వయసు కూడా ఆగదు. 2001 జనవరిలో గ్లోబల్‌స్టార్ అప్పులు, వడ్డీలు కట్టడం ఆపేసింది. 2002 ఫిబ్రవరి 15న దివాలా పిటిషన్ వేసింది.

ఇక్కడ చాలామంది మదుపరులు "ఫర్వాలేదు, చాప్టర్ లెవెన్ అంటే కంపెనీ మూతపడదు కదా" అనుకుంటారు. నిజమే, మూతపడదు. కానీ దివాలాలో ఒక క్యూ ఉంటుంది. ముందు ఆస్తులు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, తర్వాత బాండ్లు కొన్నవాళ్ళు, మిగతా బాకీదారులు. మామూలు షేర్‌హోల్డరు క్యూలో ఆఖరివాడు. ముందున్నవాళ్ళకే పూర్తిగా సరిపోనప్పుడు వాడికి మిగిలేది సున్నా. గ్లోబల్‌స్టార్ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. జనం కొన్న షేరు ఉపగ్రహాలున్న కంపెనీది కాదు. ఆ భాగస్వామ్య సంస్థలో వాటా పట్టుకుని కూర్చున్న వేరే హోల్డింగ్ కంపెనీది. సర్క్యూట్ డయాగ్రం అంత శ్రద్ధగా చదివినవాళ్ళలో ఎంతమంది ఈ పేజీ చదివుంటారు?

2004లో థెర్మో అనే ప్రైవేటు సంస్థ 43 మిలియన్ డాలర్లకి కొత్త గ్లోబల్‌స్టార్‌లో మెజారిటీ వాటా తీసుకుంది. బిలియన్లు పోసి కట్టిన నెట్‌వర్కు అది! అంతకు ముందు ఇరిడియం అయితే 25 మిలియన్లకే చేతులు మారింది. ఆ వెంటనే అమెరికా రక్షణ శాఖ రెండేళ్ళకి 72 మిలియన్ల కాంట్రాక్టు ఇచ్చింది. కొత్త యజమానికి పాత అప్పు లేదు, వడ్డీ లేదు. అవే ఉపగ్రహాలు, అవే ఫోన్లు, వేల సంఖ్యలో కస్టమర్లు చాలు, లాభం వచ్చేస్తుంది. అంటే టెక్నాలజీ పనిచేస్తుందని 1999లో నమ్మినవాళ్ళ మాట నిజమే. ఆ నిజం మీద డబ్బు చేసుకున్నది మాత్రం వేరేవాళ్ళు.

కథ ఇంతటితో అయిపోలేదు. 2006 నవంబర్లో కొత్త గ్లోబల్‌స్టార్ మళ్ళీ 17 డాలర్లకి షేర్లు అమ్మింది. 2007లో ఉపగ్రహాల్లోని ఎస్-బ్యాండ్ యాంప్లిఫయర్లు అనుకున్నదాని కన్నా త్వరగా పాడవుతున్నాయని కంపెనీయే చెప్పింది. కొత్త ఉపగ్రహాలు కావాలి, దానికి మళ్ళీ అప్పులు, మళ్ళీ కొత్త షేర్లు. 2006లో ఏడు కోట్ల చుట్టూ ఉన్న షేర్లు 2024కి 180 కోట్లు దాటాయి. అదే పిజ్జా, ముక్కలు మాత్రం పాతిక రెట్లు :)

2022లో ఐఫోన్ 14 వచ్చింది. సిగ్నల్ లేనిచోట ప్రమాదంలో పడితే ఉపగ్రహం ద్వారా సాయం కోరే సదుపాయం అందులో ఉంది. ఆ ఉపగ్రహాలు గ్లోబల్‌స్టార్‌వే. 2024లో యాపిల్ ఇంకో 1.5 బిలియన్ డాలర్ల దాకా పెట్టడానికి ఒప్పుకుంది, అందులో 400 మిలియన్లు గ్లోబల్‌స్టార్ కింద పెట్టిన ఒక ప్రత్యేక అనుబంధ సంస్థలో 20 శాతం వాటాకి. ఇంతకన్నా ఘనవిజయం ఏ టెక్నాలజీకైనా ఏముంటుంది? ఇప్పుడు లెక్క చూడండి. 2025లో 15 పాత షేర్లని కలిపి ఒకటి చేశారు. 2006లో 17 డాలర్లకి కొన్నవాడికి అసలు రావాలంటే కొత్త షేరు 255 డాలర్లు ఉండాలి. 2025లో అది 100 కూడా చేరలేదు.

మనకి దగ్గరగా ఇంకో ఉదాహరణ. శ్రీహరికోట నుంచి 2022 అక్టోబర్లో, 2023 మార్చిలో 36 చొప్పున వన్‌వెబ్ ఉపగ్రహాలు వెళ్ళాయి. టీవీలో చూసి అందరం చప్పట్లు కొట్టాం. అదే వన్‌వెబ్ 2020 మార్చిలో దివాలా తీసింది. సాఫ్ట్‌బ్యాంక్ లాంటి పాత పెట్టుబడిదారులు పోసిన బిలియన్లు పోయాక, బ్రిటన్ ప్రభుత్వం, భారతి చెరో 500 మిలియన్లతో దాన్ని తీసుకున్నాయి. మళ్ళీ రెండో యజమాని!

ఉపగ్రహాల కంపెనీల షేర్లు కొనకండని నేను చెప్పట్లేదు. ప్రతిసారీ ఇలాగే జరగాలనీ లేదు. కానీ కొనేముందు యాంటెన్నా సైజుతో పాటు ఈ మూడూ చూడమంటాను. క్యూలో నా ముందు ఎంతమంది, ఎంత అప్పుతో ఉన్నారు? ఆ అప్పు తీర్చాల్సిన తేదీలోపు కస్టమర్లు రాగలరా? కంపెనీ బతకడానికి ఇంకెన్ని కొత్త షేర్లు అమ్మాల్సొస్తుంది? ఈ మూడింటికీ జవాబు వార్షిక నివేదికలోనే ఉంటుంది. వంద పేజీల స్పెసిఫికేషన్ ఓపిగ్గా చదివే మనకి అది చదవడం పెద్ద కష్టమేం కాదు. ఇంటి డౌన్ పేమెంటుకని దాచుకున్న డబ్బులు పెట్టేవాళ్ళు మరీ ముఖ్యంగా చదవాలి.

మీలో ఎవరైనా ఇలాంటి కంపెనీ షేర్లు ఏళ్ళ తరబడి అట్టేపెట్టుకుని ఉంటే, ఏ లెక్క చూసుకుని పెట్టుకున్నారో చెప్పండి. నాకు నిజంగానే తెలుసుకోవాలనుంది.