పాత ఓమ్నికి తుప్పు పడితే: గీకాల్సింది ఎంత, అతకాల్సింది ఎక్కడ

మారుతి వ్యాన్ పేరుతో 1984లో వచ్చి, తర్వాత ఓమ్నిగా మారిన ఈ బండి తయారీ 2019లో ఆగిపోయింది. దుకాణం సరుకుకీ, పెళ్లి ప్రయాణాలకీ దాన్నే నమ్ముకున్న ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. ఇంజను పోతే బాగు చేయించుకోవచ్చు. బాడీని తుప్పు తినేస్తే ఖర్చు బండి విలువను దాటిపోతుంది.

షెడ్డులో మాట్లాడటానికి ముందు ఒక మాట. తుప్పును తమిళంలో తురు, మరాఠీలో గంజ్, ఒడియాలో కళంకి అంటారు. కన్నడంలో తుక్కు అంటే తుప్పే. మనకేమో తుక్కు అంటే పాత ఇనుము! బెంగళూరు మెకానిక్ ‘తుక్కు’ అన్నాడని బండి అమ్మేయమంటున్నాడేమో అని కంగారు పడొద్దు.

ఇనుముకు తడి, గాలి కలిస్తే తుప్పు పుడుతుంది, ఉప్పు తోడైతే త్వరగా పాకుతుంది. యానాం, చెన్నై, గోపాల్‌పూర్ వైపు బండ్లకు ఈ బాధ ఎక్కువ. తుప్పుకు ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి కాబట్టి పెయింటు పొంగుతుంది. పైన రూపాయి బిళ్లంత బుడగ ఉంటే లోపల అరచేయంత తినేసి ఉండొచ్చు.

ముందుగా లోపలి రబ్బరు మ్యాట్ ఎత్తి చూడండి. వానకు తడిసిన చెప్పుల నీరు దాని కింద చేరి నెలల తరబడి ఆరదు. తర్వాత జరిపే తలుపు కింది పట్టా, తలుపుల అడుగు, చక్రాల పైన లోపలి వంపు, బ్యాటరీ అడుగు, అద్దం రబ్బరు అంచు చూడండి. తలుపుల అడుగున నీరు పోయే చిన్న కన్నాలుంటాయి. మట్టితో మూసుకుపోతే సన్నని పుల్లతో తెరవండి. పైసా ఖర్చు లేని ఈ పనే చాలామంది చేయరు.

అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కండి. దిగకపోతే అది పైతుప్పు, ఇంట్లోనే చేసుకోవచ్చు. వైర్ బ్రష్‌తో, 80 నంబరు ఎమరీ కాగితంతో మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి, అంచులను 220తో నున్నగా చేసి, థిన్నర్ గుడ్డతో తుడవాలి. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూయాలి. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చాక ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పెయింటు. ఒట్టి రెడ్ ఆక్సైడ్ పూసి వదిలేస్తే తడి మళ్లీ లోపలికి దిగుతుంది.

మొన దిగిందా, ఇక అది టింకరింగ్ పనే. మహారాష్ట్రలో డెంటింగ్ అనండి. కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయాలి. కన్నంలో జాలీ పెట్టి లప్పం నింపి రంగు కొడితే కొన్నాళ్లు అందంగా ఉంటుంది, లోపల తినడం మాత్రం ఆగదు. కాబట్టి రంగు వేయకముందే రేకును చూపించాలని ముందే ఒప్పుకోండి. సీటు బెల్టు బోల్టు పట్టేచోటు, సస్పెన్షన్ బిగించేచోటు పోయి ఉంటే లప్పం మాట ఎత్తనివ్వకండి. బ్రేకు పైపులకు తుప్పు పొరలు లేస్తుంటే రంగు పూయించడం కాదు, మార్పించండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పించాలి. దగ్గర్లో పెట్రోలు ట్యాంకు, పైపులు, గ్యాస్ సిలిండరు ఉంటే వాటిని తీయించాకే నిప్పు.

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత బండిని పరీక్షకు చూపించి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ తేదీకి రెండు మూడు నెలల ముందే అడుగుభాగం చూపించుకుంటే, హడావిడిగా లప్పం పెట్టించే అవసరం రాదు.

అడుగున నల్లటి కోటింగ్ మంచిదే, కానీ శుభ్రం చేసి ఆరిన రేకు మీదే. తుప్పు మీద పూస్తే తడిని లోపలే బంధించినట్టు. తలుపుల లోపలికి, పెట్టెలాంటి కమ్మీల్లోకి మైనం స్ప్రే కొట్టించండి, నీటి కన్నాలు మాత్రం మూయనివ్వొద్దు. ఈ పని ముంబయి వైపు జూన్ లోపు, తమిళనాడులో అక్టోబరు వానలకు ముందు పెట్టుకోండి. తేమ ఎక్కువున్న రోజున కొట్టిన పెయింటు తెల్లబారుతుంది.

తీరంలో ఉండేవారు వారానికోసారి అడుగుభాగాన్ని మంచినీటితో కడగండి. బోరు నీరు ఉప్పగా ఉంటే దానితో కడగకపోవడమే నయం. కడిగాక తలుపులు తీసి ఎండలో పెట్టండి. తడి బండికి టార్పాలిన్ కప్పకండి.