పద్యరచనా బోధన: ప్రస్తారం నుండి కృత్రిమ మేధ వరకు

ఉపోద్ఘాతం:
పద్యరచన నేర్పడంలో యంత్రం చేయగల పని ఎంత, గురువు చేయవలసిన పని ఎంత అనే ప్రశ్న కృత్రిమ మేధతో కొత్తగా పుట్టినది కాదు. ఛందశ్శాస్త్ర చరిత్రలోనే దాని మూలాలున్నాయి. వాటిని స్థూలంగా పరిశీలించి, నేటి తరగతి గదికి ఉపకరించే ఒక పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

ఛందస్సు - గణన:
గురులఘువుల రూపాలన్నింటినీ వరుసగా రాయడం ప్రస్తారం. వరుస సంఖ్యను బట్టి రూపాన్ని చెప్పడం నష్టం. రూపాన్ని బట్టి సంఖ్యను చెప్పడం ఉద్దిష్టం. ఇవి పింగళుని ఛందస్సూత్రాల నాటి ప్రక్రియలు. ఇరవై అక్షరాల పాదానికి 10,48,576 రూపాలు ఏర్పడతాయి. వాటిలో ఒకటి ఉత్పలమాల. ఈ లెక్కకు కవిత్వంతో పని లేదు. అయితే 17వ శతాబ్దంలో అప్పకవి లక్షణాలు చెప్పి ఊరుకోలేదు. పూర్వకవుల ప్రయోగాలను ఉదాహరించాడు. లక్ష్యం లేని లక్షణం విద్యార్థికి చాలదని దీనివల్ల గ్రహించవచ్చు.

యంత్రం - పద్యం:
పాశ్చాత్య దేశాల్లోనూ ఈ ప్రయత్నం జరిగింది. 1845లో లండన్‌లోని ఈజిప్షియన్ హాల్‌లో జాన్ క్లార్క్ ప్రదర్శించిన 'యురేకా' యంత్రం లాటిన్ పద్యపాదాలను కూర్చింది. ఏ పదం ఏ పదంతో కలిసినా ఛందస్సు తప్పని విధంగా పదాలను ముందే ఎంచి పెట్టారు. 2022 నవంబరు 30న విడుదలైన చాట్‌జీపీటీ తీరు ఇందుకు భిన్నం. ఇటువంటి నమూనాలు ముందున్న పాఠాన్ని బట్టి తరువాతి ముక్కను ఊహిస్తాయి. తెలుగు అక్షరం వాటికి తరచు శకలాలుగా అందుతుంది. కనుక వాక్యం సాఫీగా సాగినా గణాలు, యతి తప్పే అవకాశం ఎక్కువ.

తరగతి గది అనుభవం:
ఒక విద్యార్థి వరదపై ఉత్పలమాల తెచ్చాడు. లక్షణాలన్నీ సరిపోయాయని యంత్రమే చెప్పిందన్నాడు. నల్లబల్లపై గణవిభజన చేశాం. రెండవ పాదంలో 21 అక్షరాలు వచ్చాయి. మూడవ పాదంలో పదవ అక్షరానికి యతి కుదరలేదు. తోటివారు సవరణకు పూనుకుని, ఏది వ్యర్థపదమో వాదించుకున్నారు. చివరకు ఒకరు "ఇందులో మన ఊరు ఎక్కడుంది?" అని అడిగారు. ఆ విద్యార్థి వారం తరువాత తానే రాసి తెచ్చాడు. నీట మునిగిన తమ పశువులపాక అందులో ఉంది. ఒకచోట యతిభంగమూ ఉంది. దానికి మార్కు తగ్గించాను. పద్యాన్ని మాత్రం తరగతిలో రెండుసార్లు చదివించాను.

ఉపసంహారం:
యంత్రం ఇచ్చే పద్యాన్ని ఆదర్శంగా కాక, దోషనిర్ణయ అభ్యాసానికి ముడిసరుకుగా వాడుకోవడం మేలు. గణవిభజన మొదట చేతితోనే జరగాలి. మూల్యాంకనంలో తుది పద్యంతోపాటు చిత్తుప్రతులనూ పరిశీలించాలి. లెక్కను యంత్రానికి అప్పగించవచ్చు. విద్యార్థి చెప్పదలచినదేమిటో అడిగి రాబట్టే బాధ్యత గురువుదే.